అన్న జేబులోని రోటర్

మా అన్న ట్రక్కంటే ఊళ్లో ఎవరికీ గౌరవం ఉండేది కాదు. అది బాడుగకు పోదు, పలకరాయి మోయదు, గడ్డి తోలదు. యుద్ధం ముగిశాక దొనకొండ విమానాల మైదానం పక్కన కంపచెట్లలో వదిలేసిన మిలిటరీ బండి. మిలిటరీలో డ్రైవరుగా చేసి వచ్చిన అన్న దాన్ని వేలంలో పాడుకుని, మూడు జతల ఎద్దులు కట్టి, తర్లుపాడు దగ్గరున్న మా ఊరికి లాగించుకొచ్చాడు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో సంగతి ఇది. మేం గొర్రెలు కాసుకునేవాళ్లం. ఎద్దులు లాగే లారీని చూసి ఊరంతా పగలబడి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అది కదలడానికి రెండేళ్లు పట్టింది. కావలసిన సామాన్ల పేర్లు అన్న ఒక విరిగిన పలక మీద రాసుకునేవాడు. ఏదైనా దొరికితే ఆ పేరు ఉమ్మితో తుడిపేసేవాడు. గిద్దలూరులో ఒక స్ప్రింగు, మార్కాపురం పాత ఇనప దుకాణంలో రేడియేటర్ మూత, ఇట్లా ఊరూరా తిరిగి తెచ్చేవాడు. సీటులోకి మా గొర్రెల బొచ్చే కూరాడు. బానెట్ మీద మంచు పడకూడదని నాయన కప్పుకునే గొంగడిని తీసుకెళ్లి కప్పాడు. చలికి ముడుచుకుని పడుకుంటూ కూడా నాయన కోప్పడలేదు.

"పెండ్లి చేస్కోరా అంటే బండిని చేస్కున్నాడు" అని నవ్వేవాడు.

ఇంజన్ పలికిన రోజున నా ఎగతాళి సగం చచ్చింది. ఆ తర్వాత నేనూ నూనె చేతులవాడినే అయ్యాను. నడపడం, ప్లగ్గులు విప్పి తుడవడం, టైర్లకు గాలి కొట్టడం అన్నీ నేర్చుకున్నాను. అన్నకు మిలిటరీ అలవాటు ఒకటి ఉండేది. బండి దిగగానే బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఉండే బొటనవేలంత నల్లటి ముక్కను తీసి జేబులో వేసుకునేవాడు. దాన్ని రోటర్ అంటారు. అది లేకపోతే ప్లగ్గులకు కరెంటు అందదు, ఇక ఎంత తిప్పినా బండి పలకదు. బండి శత్రువు చేతికి చిక్కకుండా మిలిటరీలో అట్లా నేర్పారట.

"మనూళ్లో శత్రువు ఎవుడున్నాడన్నా?" అని ఏడిపించేవాడిని.

"నువ్వేరా" అనేవాడు.

ఆ వేసవిలో మా మందను ఊరికి మైలున్నర దూరాన, వాగు అవతల పెట్టుకున్నాం. ఒకరోజు పట్టపగలు, గొర్రెపిల్లల మీద మూసిన గంప ఎత్తబోతుంటే నాగుపాము అన్న చేతిని కరిచింది. నాయన తలగుడ్డ చింపి జబ్బకు బిగించి కట్టాడు. నేను మంత్రగాడి కోసం పోలేదు. ట్రక్కు తెస్తానని అరిచి ఇంటివైపు పరిగెత్తాను. తెలివైన పని చేస్తున్నాననే అనుకున్నాను.

హ్యాండిలు తిప్పాను. పలకలేదు. పెట్రోలు చూశాను, ఉంది. ప్లగ్గులు విప్పి తుడిచి మళ్లీ బిగించాను. అరచేతులు బొబ్బలెక్కేదాకా తిప్పాను. బండిని నోటికొచ్చినట్టు తిట్టాను. చాలాసేపటికి డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూశాను. లోపల ఖాళీ. రోజూ నా కళ్లముందే తీసేవాడు, రోజూ నేను నవ్వేవాడిని. ఆ ఒక్క పూట గుర్తుకు రాలేదు.

మందవైపు పరిగెత్తాను. వాగు దగ్గర నాయన ఎదురొచ్చాడు. మోకాళ్ల నొప్పులతో నాలుగడుగులు వేయలేని మనిషి, చెప్పులు కూడా లేకుండా ఆయాసపడుతూ వస్తున్నాడు. పిడికిట్లో రోటర్ ఉంది.

"నువ్వు పోంగానే మీ అన్న పిలిచినాడురా. మూడు కేకలేసినాడు. నీకు ఇనపడలేదు."

"అన్న దగ్గర ఎవురున్నారు?"

నాయన రోటర్ నా చేతిలో పెట్టాడు. అక్కడ గొర్రెలు తప్ప ఎవరూ లేరు.

ఇంటికి పరిగెత్తి రోటర్ పెట్టాను, బండి ఒక్క తిప్పుకే పలికింది. అన్న దాన్ని అంత బాగా ఉంచాడు. మంద దగ్గరికి వెళ్లి, నాయనా నేనూ కలిసి అన్నను ముందు సీట్లో మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టాం. అప్పటికే రెప్పలు వాలిపోతున్నాయి. బండి నల్లటి పొగ కక్కుతూ, దగ్గుతూ పోతోంది.

"చోక్... లోపలికి తొయ్యిరా" అన్నాడు అన్న, ముద్దముద్దగా.

బండి పలకడానికి బయటికి లాగిన చోక్ పిడిని కంగారులో నేను అట్లాగే వదిలేశాను. తోశాను. ఇంజన్ చప్పుడు నెమ్మదించింది. అన్న మళ్లీ మాట్లాడలేదు. మార్కాపురం ఇంకా రెండు మైళ్లుందనగా నాయన నా భుజం మీద చెయ్యేశాడు.

"మెల్లగా పోనీ నాయనా. ఇంక తొందర లేదు."

ఆ సమయం పోగొట్టకుండా ఉంటే అన్న బతికేవాడో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఏ డాక్టరునూ అడగలేదు. అడగడానికి నాకు భయం. నాయన బతికినన్నాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కసారి నోరారా తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ట్రక్కును అమ్మలేదు. వారానికోసారి ఇంజన్ తిప్పుతాను. కావలసిన సామాన్లు అదే పలక మీద రాసుకుంటాను. అన్న చేసిన పనులన్నీ చేస్తాను, ఒక్కటి తప్ప. రోటర్ మాత్రం తీయను.

"అట్ల వదిలేస్తే ఎవుడో ఒకడు తోలుకపోతాడు మామా" అంటారు ఊళ్లో పిల్లలు.

"పోనీరా. పిలిస్తే పలికే బండినే కదా తోలుకపోయేది" అంటాను.