బస్సు ముందు దానియేలు

దయ్యాల మాట ఎత్తితే నవ్వే రకం నేను. వైమానిక దళంలో మెకానిక్‌గా పనిచేసినవాణ్ణి. మా పనిలో ఏదైనా చెడిందంటే దానికి ఒక నట్టో, వైరో, మనిషి మరపో కారణం. దొరికేదాకా వెతుకుతాం, దొరుకుతుంది. నా జీవితంలో కారణం దొరకనిది ఒక్కటే ఉంది. అది పట్టపగలు, ప్రొద్దుటూరు బస్టాండులో, జనం మధ్యలో జరిగింది. చచ్చినవాళ్లు కనిపించారని చెప్పుకునే కథ కాదిది. నాకు కనిపించినవాడు ఈ రోజుకీ బతికే ఉన్నాడు.

వాడి పేరు దానియేలు. జమ్మలమడుగు పక్క పల్లె. వాళ్ల నాయన చర్చి బడిలో అయ్యవారు. ఉత్తరాదిలోని మా స్థావరంలో సీమ మాట మాట్లాడేది మేమిద్దరమే కాబట్టి తొందరగానే ఒకటైపోయాం. నవ్వించడంలో వాడి తర్వాతే ఎవరైనా. కొత్తగా చేరినవాళ్లను పిలిచి, విమానం హారన్ మోగడం లేదు, ఎక్కడ చెడిందో చూడమని పంపేవాడు. నేనూ ఒక పూటంతా రెక్క కింద వెల్లకిలా పడుకుని హారన్ వెతికినవాణ్ణే. విమానానికి హారన్ ఉండదని నాకు వెలిగేసరికి హ్యాంగర్లో అందరూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

అంత ఆటగాడూ ఒక్కచోట మాత్రం ఆడేవాడు కాదు. విమానం ముక్కు దగ్గర వేగం కొలిచే సన్నటి గొట్టం ఉంటుంది. నేలమీద ఉన్నప్పుడు దుమ్ము పోకుండా దానికి తొడుగు వేసి, మరిచిపోకుండా ఎర్ర రిబ్బను వేలాడదీస్తాం. ఎగిరేముందు నేలమీది మనిషి తొడుగులన్నీ పీకి, ఆ రిబ్బన్లను పైకెత్తి పైలట్‌కు చూపించాలి. ఒకసారి దానియేలు ఎవరినో నవ్విస్తూ ఆ తొడుగు పీకడం మరిచాడు. విమానం రన్‌వే మీద దూసుకుపోతోంది, ముక్కు దగ్గర రిబ్బను రెపరెపలాడుతోంది, పైలట్ ముందున్న వేగం ముల్లు మాత్రం సున్నా దగ్గరే ఉంది. ఆయన ఎలాగో ఆపాడు. దానియేలుకు శిక్ష పడింది. ఆ తర్వాత అందరూ వాణ్ణి ‘రిబ్బన్’ అనే పిలిచేవాళ్లు, వాడూ పలికేవాడు. కానీ విమానం ముందు నిలబడితే మాత్రం వాడి మొహంలో నవ్వు ఉండేది కాదు.

అక్కడ ఒక నియమం ఉంది. నేలమీద ఎవరైనా సరే, రెండు చేతులూ తల మీద కత్తెరలా అడ్డంగా పెట్టి చూపితే విమానం ఆగాల్సిందే. ముందు ఆగాలి, తర్వాతే అడగాలి. ఏళ్ల తరబడి ఆ పనిలో ఉంటే ఆ సైగకు మన ఒళ్లే ఆగిపోతుంది, బుర్రదాకా పోదు.

ఇక మా ఊరి సంగతి. మాది మైలవరం వైపు. పార్టీల పేరుతో పల్లెలు చీలిపోయి, ఇళ్లల్లో బాంబులు చుట్టుకునే రోజులవి. నా తమ్ముడు ఓబులేసు ఒక నాయకుడి జీపులో తిరగడం మొదలుపెట్టాడు. వాడికి ఎవరి మీదా పగ లేదు. మా ఇల్లు ఆ వర్గం ఇళ్ల మధ్య ఉంది, అంతే. మా అమ్మకు అన్నం సయించేది కాదు. నేను మా స్థావరం క్యాంటీన్లో వాడికి పని మాట్లాడి, సెలవు పెట్టి బయలుదేరాను. మధ్యాహ్నం బస్సుకు వస్తాను, ఆ పూటే ఇద్దరం వెళ్లిపోదాం అని కబురంపాను. వాడు ఒప్పుకున్నాడు. సంచి సర్దుకుని రోడ్డు మీద కూర్చుని నా బస్సు కోసం చూశాడు.

ప్రొద్దుటూరులో బస్సెక్కాను. డ్రైవర్ పక్కన ఇంజిన్ దగ్గర చోటు దొరికింది. కాళ్ల దగ్గర ఎవరివో ఉల్లిగడ్డల మూటలు ఉండడంతో రేకు పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. బస్సు కదలబోతుండగా ఎదుటి అద్దంలోంచి దానియేలు కనిపించాడు. దేశం అవతలి కొసన డ్యూటీలో ఉండాల్సినవాడు. నీలం ఓవరాల్ వేసుకున్నాడు. చేతులు రెండూ తల మీద అడ్డంగా ఉన్నాయి. మొహంలో నవ్వు లేదు.

“ఆపప్పా!” అని అరిచి పెట్టెతో సహా కిందికి దూకాను. బస్సు ముందు ఎవరూ లేరు. చెరుకు రసం బండి, దాని నీడలో ఒక కుక్క, అంతే. కండక్టర్ తలుపు పట్టుకుని వంగాడు. “ఏంది సామీ, ఎక్కుతావా, దిగుతావా? మిట్టమధ్యానమే మందేసుకోనొచ్చినావా?” నేను నోరు తెరిచేలోగా రైట్ చెప్పేశాడు. బస్సు వెళ్లిపోయింది.

ఇక్కడిదాకా చెప్పగానే అందరూ ఒకటే అడుగుతారు, ఆ బస్సు బోల్తా పడిందా అని. పడలేదు. దానికి చిన్న గీత కూడా పడలేదు. చల్లగా మా ఊరు చేరింది. తర్వాతి బస్సే పొద్దు వాలేదాకా రాలేదు.

ఆ బస్సులో మా ఊరివాళ్లు ఉన్నారు. వాళ్లు దిగుతూనే ఓబులేసుతో, “మీయన్న ప్రొద్దుటూర్లో ఎక్కినాడబ్బీ. మళ్లా ఏమనుకున్న్యాడో ఏమో, దూకి దిగిపాయ” అన్నారు.

వాడు ఇంటికొచ్చి సంచి మూలన పెట్టాడట. “అన్న భయపడినాడు లేమ్మా. ఈ ఊరికి రాడు ఇంక” అన్నాడట. అప్పుడే పులివెందులకు పోతున్న నాయకుడి జీపు మా వాకిట్లో ఆగి హారన్ కొట్టింది. వాడు ఎక్కాడు. దారిలో అవతలి వర్గం వాళ్లు బాంబులు వేశారు. నేను ఊళ్లో దిగేసరికి మా ఇంటిముందు జనం.

అన్న పిరికివాడని అనుకుంటూ పోయాడు నా తమ్ముడు. వాడు పోవడం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఈ రోజుకీ మింగుడుపడదు.

కర్మలు ముగించి డ్యూటీకి పోయాను. నేను నోరు విప్పకముందే హ్యాంగర్లో వాళ్లు రిబ్బన్ కొత్త ఘనకార్యం అంటూ నవ్వుతూ చెప్పారు. నేను బస్సు దిగిన రోజే, ఆ మధ్యాహ్నమే, ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాన్ని దానియేలు చేతులు అడ్డం పెట్టి ఆపేశాడట. అంతా విప్పి చూస్తే ఏ లోపమూ లేదు. ఎందుకు ఆపావని అధికారులు ఎంత అడిగినా చెప్పలేదట. మళ్లీ శిక్ష.

నాకు మాత్రం చెప్పాడు. “పైలట్ సీట్లో నువ్వు కూచోనుంటివప్పా. రేకు పెట్టె ఒళ్లో పెట్టుకోని యాడికో పోతాండావు. శానా భయమేసింది. ఎట్ల ఆపకుండేది?”

పెట్టె ఒళ్లో పెట్టుకున్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. తమ్ముడి సంగతి చెప్తే వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆ తర్వాత కొత్తవాళ్లెవరినీ హారన్ వెతకమని పంపలేదు. మేం కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తగ్గించేశాం.

రైలు బడలికకు నా కళ్లు భ్రమపడ్డాయనుకుందాం. మరి అదే పూట వాడి కళ్లకేమైంది? దేవుడు నిన్ను కాపాడాడని కొందరు అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. నేను ఆ బస్సులో ఊరు చేరి ఉంటే తమ్ముణ్ణి ఆ జీపు ఎక్కనిచ్చేవాణ్ణా?

అమ్మ చాలాకాలం ఒక్కటే అడిగింది, ఆ బస్సెందుకు దిగావని. చివరికి అంతా చెప్పాను. సైగ ఎలా ఉంటుందో తల మీద చేతులు అడ్డం పెట్టి చూపించాను. ఆమె నా చేతుల వైపు చూసింది.

“వాని జీపు ముందర గూడా ఎవరన్నా అట్ల నిలబడిండొచ్చు గదా నాయనా” అంది.

నేను చేతులు దించాను. అమ్మ కూడా పోయింది. ఇప్పటికీ జీపు కనబడితే దాని ముందు ఎవరైనా నిలబడ్డారేమోనని చూస్తాను.