ఎనిమిది సెకన్ల నీళ్ళు

ఒయిరసె వాగు పక్క రోడ్డు మీద తొమబెచి షిగెరు ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాడు. పనిరోజుల్లో ఆ నీళ్ళు కిటికీలోంచి వెనక్కి పారిపోయేవి. సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళేవాడు. వెంట భార్య హత్సుయె ఉండేది. బడి వంటశాలలో వారమంతా పెద్ద పెద్ద గిన్నెలతో కుస్తీపట్టే మనిషి, ఆ ఒక్కరోజూ నడుం వాల్చకుండా అన్నం ముద్దలు కట్టుకుని, కెమెరా స్టాండు మోసుకుని వచ్చేది.

నీళ్ళ దగ్గర షిగెరుకి పట్టింపులెక్కువ. ఫొటోల క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకి ఒకటే పాఠం చెప్పేవాడు.

"షట్టరు సెకనులో ఐదువందలో వంతు సేపు తెరిచారనుకోండి, నీళ్ళు గాజుపెంకుల్లా పగిలి కనపడతాయి. అర సెకనుకి పోగులు పోగులుగా వస్తాయి. రెండు సెకన్లకి పట్టుబట్ట. ఎనిమిదికి ఆవిరి. ఏది కావాలో ముందు తేల్చుకుని అప్పుడు మీట నొక్కండి."

ఆయనకి ఆవిరే కావాలి. అందుకే మబ్బు పట్టిన రోజులే ఎంచుకునేవాడు. అదీ చాలక లెన్సుకి నల్ల అద్దం బిగించి వెలుతురు ఇంకా తగ్గించేవాడు. షట్టరు అంతసేపు తెరిచి ఉంచితే ఇంకో సుఖముంది. గట్టు మీద నడిచిపోయే యాత్రికులు ఫొటోలో పడరు. వాగూ, నాచు పట్టిన రాళ్ళూ, చెట్లూ మాత్రం మిగులుతాయి. మనుషులు లేని ఒయిరసెని తీయడంలో తొమబెచిని మించినవాడు లేడని క్లబ్బులో చెప్పుకునేవారు.

ఆకుల మీంచి రాలే చినుకులు కెమెరా మీద పడకుండా హత్సుయె గొడుగు పట్టేది, సెకన్లు పైకి లెక్కపెట్టేది. రాళ్ళ మధ్య ఎండుకొమ్మ అడ్డం పడితే ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళలోకి దిగేదీ ఆవిడే.

ఒక అక్టోబరులో అలాగే దిగింది. కొమ్మ లాగి పారేసి ఒడ్డుకి రాబోతుంటే షిగెరు కేకేశాడు.

"నేను షట్టరు తెరిచేస్తున్నా!"

"అయ్యో, నన్ను ఒడ్డెక్కనివ్వండి!"

"నువ్వెక్కేలోపు వెలుతురు పోతుంది. నడుస్తూనే ఉండు, ఎక్కడా ఆగకు. ఆగితేనే ఫొటోలో పడతావు."

"అంటే నడిచినంతసేపూ నేను లేనట్టేనా?" అంటూ ఆవిడ నవ్వింది.

"లేనట్టే. నడువు, నడువు."

ఆయన రిటైరైన మరుసటి ఏడు, మార్చి నెలలో, వంటశాలలో పులుసు కలుపుతూ హత్సుయె ఒక్కసారిగా ఒరిగిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. షిగెరు ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. ఆవిడకి అరవై ఒకటి. వాళ్ళకి పిల్లల్లేరు.

అంత్యక్రియలు చూసే మనిషి వచ్చి తలవంచి నమస్కరించి, పూల మధ్య పెట్టడానికి అమ్మగారి ఫొటో ఒకటి ఇప్పించమన్నాడు. షిగెరు లోపలికి వెళ్ళాడు. గోడ నిండా ఫిల్ము స్లైడ్ల పెట్టెలున్నాయి. ఒక్కొక్క పెట్టె మీదా తేదీ, చోటు, ఎన్ని సెకన్లో కూడా రాసిపెట్టి ఉంది. ఆయన ఒక పెట్టె తీశాడు, ఇంకోటి తీశాడు. అరగంటైనా బయటికి రాకపోయేసరికి హత్సుయె అక్క కినుకొ లోపలికి వచ్చింది. యాపిల్ తోటలు చేసుకునే మనిషి, నోరు కాస్త పదును.

"ఏం మరిదీ, దొరకలేదా?"

"లేదొదినా."

"ఏది లేదు?"

"దాని ఫొటో... ఒక్కటీ లేదు."

కినుకొ ఆ గోడకేసి చూసింది, ఆయన కేసి చూసింది. "ముప్ఫై ఏళ్ళు తీశావు కదయ్యా! ఏం తీశావు?"

వంటశాలవాళ్ళ గుంపు ఫొటో ఒకటి వచ్చింది. అందులో అందరికీ తెల్ల టోపీలూ, ముక్కూ నోరూ మూసిన గుడ్డలూ. పెళ్ళినాటి ఫొటోలో ఇరవైమూడేళ్ళ పిల్ల ఉంది. చివరికి కినుకొ కూతురి పెళ్ళి ఫొటోలో వెనక వరసన, బియ్యపుగింజంత ముఖం ఒకటి దొరికింది. స్టూడియోవాడు దాన్ని పెంచి పెంచి, కింద నల్ల కిమోనో అతికించి ఇచ్చాడు. కళ్ళూ నోరూ ఉన్నాయి గానీ, నీళ్ళ అడుగునుంచి చూస్తున్నట్టు అన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. దండం పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళు ఒక క్షణం తడబడి, ఆ తర్వాత తలవంచారు.

"మా చెల్లెలు చావులో కూడా ఎవరికీ కనపడకుండా పోయింది," అంది కినుకొ అందరి ముందూ.

ఆ తర్వాత సంతాపం పాటించే నలభై తొమ్మిది రోజులూ ఆయన పొద్దున్నే లైటుపెట్టె వెలిగించి, దాని మీద స్లైడ్లు పరిచి వెతికాడు. పదకొండు వేలున్నాయి. భూతద్దం కంటికి ఆనించి ఒక్కొక్కటీ చూస్తూ పోయాడు. ఆ అక్టోబరు స్లైడు దొరికాక, పక్కూళ్ళో ఉన్న కినుకొ దగ్గరికి బస్సెక్కి వెళ్ళాడు.

"వదినా, ఇందులో చూడు. రెండు రాళ్ళ మధ్య."

"పొగ కనపడుతోంది."

"ఆ పొగలో నీలం చారలా ఉందే, అది దాని తలగుడ్డ."

కినుకొ చాలాసేపు చూసింది. "ఇక్కడొకచోట ఆ నీలం కాస్త చిక్కగా ఉందేం?"

షిగెరు స్లైడు చేతిలోకి తీసుకున్నాడు. "అక్కడ ఆగింది. ఆగద్దన్నా ఆగింది. ఇటు తిరిగి, 'అయిందా అండీ?' అనడిగింది. ఫొటో పాడుచేశావని నేను... ఇంటికొచ్చేదాకా తిట్టాను, వదినా."

ఆ రోజు కినుకొ ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. టీ పోసి ఇచ్చింది. ఆయన లేవబోతుంటే మాత్రం అంది.

"నన్ను తియ్యి. నాకూ డెబ్భై దగ్గర పడుతోంది. రేపు నేను పోతే పిల్లలు నీలా వెతుక్కోకూడదు."

"నాకు మనుషుల్ని తీయడం రాదొదినా."

"ఇప్పటికైనా నేర్చుకో."

మే నెలలో ఒక ఎండ రోజున ఇద్దరూ వాగు దగ్గరికి వెళ్ళారు. కినుకొ మంచి బట్టలు కట్టుకుని రాయి మీద కూచుంది. ఆయన నల్ల అద్దం విప్పి జేబులో వేసుకున్నాడు. షట్టరు చక్రం ఐదువందల దగ్గరికి తిప్పాడు. ఆ అంకె దగ్గర ఆ చక్రం ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆగలేదు.

"వెనక నీళ్ళెలా వస్తాయి?" అనడిగింది కినుకొ.

"చుక్క చుక్కా విడిగా వస్తాయి."

"నా ముడతలు?"

"అవీ వస్తాయి."

కెమెరాలోంచి చూశాడు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ పై పెదవి ఒకేలా ఉంటుంది. ఎడమపక్క కాస్త పైకి లేచి, నవ్వబోతున్నట్టుంటుంది. హత్సుయెకి అలా ఉండేదని ఆయనకి ఆ క్షణందాకా గుర్తు లేదు. కెమెరా ముఖానికి ఆనించుకునే ఆయన ఏడ్చాడు. కినుకొ రాయి మీంచి లేవలేదు, ముఖం కూడా తిప్పలేదు.

"నేనెక్కడికీ పోను. కళ్ళు తుడుచుకుని తియ్యి," అంది.

నాలుగేళ్ళ తర్వాత కినుకొ పోయినప్పుడు పూల మధ్య ఆ ఫొటోనే పెట్టారు. పలకరిస్తే పలికేట్టుందని వచ్చినవాళ్ళంతా అన్నారు. షిగెరు అగరొత్తి గుచ్చి, ఆ పెదవి కేసి ఒకసారి చూసి, వెనక వరసలోకి వెళ్ళి కూచున్నాడు.