మామ చెప్పిన సముద్రం

పోయిన మంగళవారం పొద్దున అత్తిమంజేరిపేట నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ మగ్గం కాడికి పోతా పోతా కూలబడిపోయినాడు పాపా. ఇంక లేడు," అంది. మా మేనమామ నేతపని చేసేవాడు. కానీ ఆయన్ను తలుచుకుంటే నాకు చీరలకంటే ముందు ఓడలు గుర్తొస్తాయి.

సముద్రపు దొంగల సినిమాలంటే ఆయనకు ప్రాణం. ఒకే దొంగ కెప్టెన్ కథ ఏళ్ల తరబడి భాగాలు భాగాలుగా వచ్చింది. రెండో భాగం నుంచి, అరవంలో డబ్బింగై తిరుత్తణికి వచ్చిన ప్రతి భాగాన్నీ మామ రెండుసార్లు చూసేవాడు. మొదటిసారి ఒంటరిగా, రెండోసారి అత్తతో. తొలి భాగాన్ని అత్త కళ్లారా చూసింది; ఆ తర్వాత కొన్నాళ్లకే చక్కెర జబ్బుతో ఆమెకు చూపు పోయింది. తెరమీద ఏం జరగబోతోందో ముందే తెలిస్తేనే ఆమె చెవిలో సమయానికి చెప్పగలడు. అందుకే ముందు తనొక్కడే చూసి వచ్చేవాడు. తర్వాత ఇద్దరూ జనం పలచగా ఉండే పొద్దుటి ఆటకు వెళ్లి, గోడవైపు సీట్లలో కూర్చునేవాళ్లు.

"ఎన్ని పార్టులు తీసినా అదే ఓడ, అదే కత్తి గదా మామా?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

ఆయనకు కోపం రాలేదు. "ఆ కెప్టెన్ను చూడు పాపా. భయపడతాడు, పారిపోతాడు, అబద్ధాలాడతాడు. అయినా వానిమింద మనకు కోపం రాదు. అట్లాంటోణ్ణి నిలబెట్టేది సులువా?" అన్నాడు. మళ్లీ తనే, "తొలి పార్టులో తాగినోని మాదిరి ఊగినా లోపల తెలివి ఉండె. రాను రాను ఒట్టి తాగుబోతును చేసేసినారు," అన్నాడు, సొంత తమ్ముడి గురించి బాధపడుతున్నట్టు.

ఇష్టమైనదాంట్లో లోపం చెప్పడానికి మామ వెనకాడడు. లోపం కనిపించిందని ఇష్టం తగ్గించుకోడు. తిరువళ్లూరులో మొదటి ఉద్యోగాన్ని కోపంతో వదిలేసి వచ్చినప్పుడు నాతోనూ అలాగే మాట్లాడాడు. "తొందరపడినావు, తప్పు నీదే. పని మాత్రం నీకు బాగా వచ్చు. ఇంక యాడన్నా చేరు." ఆ రోజు ఇంకెవరు ఏమన్నా నాకు ఎక్కేది కాదు.

ఒక భాగానికి నన్నూ తీసుకెళ్లారు. అందులో ఎవరు ఎవరి పక్షమో అంతుచిక్కదు. సగం దాటాక మామ గొంతు ఆగిపోయింది.

"ఏమయ్యా, నిద్రపోతాండావా?" అంది అత్త.

"లేదు మే. రొండోతూరి చూస్తాండా, ఎవురు ఎవురికి ద్రోహం చేస్తాండారో నాకే తెలీలే."

అత్త పకపకా నవ్వింది. "పోతే పోనీ. కథ వద్దులే, సముద్రం చెప్పు."

అప్పుడే తెరమీద తుఫాను మొదలైంది. కథ ఎంత చిక్కుపడ్డా, సముద్రం మాత్రం ఆ సినిమావాళ్లు ఎప్పుడూ గొప్పగానే తీశారు. మామ అత్త చేతిని తన ఒళ్లోకి తీసుకున్నాడు. నీళ్లు లేచిన చోటల్లా ఆమె అరచేతిలో వేలితో గీశాడు. ఓడ ఒరిగినప్పుడు ఆ చేతినీ ఒరిగించాడు. నేను తెరను వదిలేసి వాళ్లనే చూస్తూ కూర్చున్నాను. నీలి వెలుతురులో అత్త కళ్లు మూసుకుని, ఆయన భుజానికి ఆనుకుని, ఓడతో పాటు మెల్లగా ఊగుతోంది.