పెదనాన్న చూసిన మొహం

మా పెదనాన్న ఎవరిని చూసినా ముందు కాలరు చూస్తాడు. తర్వాత చేతుల అంచులు, ఆ తర్వాత గుండీలు. అప్పటికీ ఓపిక మిగిలితే మొహం. పెద్దమ్మ పుట్టుమచ్చ ఏ బుగ్గ మీద ఉందో చెప్పమంటే నీళ్ళు నములుతాడు గానీ, పెళ్ళిలో ఆమె కట్టిన చీర అంచు ఎన్ని వేళ్ళ వెడల్పో ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాడు.

ఆయనకి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక ఇస్త్రీ కొట్టు ఉంది. ఉతకడం పెద్దమ్మ వంతు, ఇస్త్రీ ఆయన వంతు, మడత పెట్టిన బట్టలు ఇంటింటికీ చేరవేయడం మళ్ళీ పెద్దమ్మ వంతే. గొప్పలు చెప్పుకోవడం మాత్రం పూర్తిగా ఆయన వంతు. "నా కొట్లో బట్ట నిద్ర చెయ్యదు" అంటాడు. పొద్దున వచ్చిన బట్ట సాయంత్రానికల్లా ఇల్లు చేరిపోతుందని అర్థం.

కొట్టుకి ఎదురుగా, రోడ్డవతల ఒక బారు. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం ఐదున్నరకి, ఆ బారు మెట్ల మీద సిగరెట్టు కాల్చుకుంటున్న మేనేజరు పిక్కలోకి ఎవడో వెనకనుంచి తుపాకి పేల్చి పారిపోయాడు. మేనేజరు బతికాడు. ఇప్పుడు కాస్త కుంటుతూ వచ్చి అవే మెట్ల మీద సిగరెట్టు కాలుస్తున్నాడు. కాల్చినవాణ్ణి ఆయన చూడలేదు. లోపల తాగుతున్నవాళ్ళు బల్లల కింద దూరారు కాబట్టి వాళ్ళూ చూడలేదు. చూసినవాడు మొత్తం వీధికి మా పెదనాన్న ఒక్కడే.

"డ్రైవింగు మాస్టారండీ" అన్నాడు పోలీసులతో, చేతిలో ఇస్త్రీపెట్టె కింద పెట్టకుండానే.

డ్రైవింగు మాస్టారంటే ఒక ఎర్ర కారులో జనానికి బండి నేర్పే ఆయన. ఆరేళ్ళుగా మా కొట్టుకే బట్టలు వేస్తాడు. అంతకు వారం ముందు ఆయన శిష్యుడొకడు కారు వెనక్కి పోనిచ్చి బారు బోర్డు పడగొట్టాడు. మేనేజరుకీ మాస్టారికీ మాటా మాటా పెరిగి, "నీ సంగతి తేలుస్తా" అని పదిమంది ముందు మాస్టారు అననే అన్నాడు. పోలీసులకి ఇంకేం కావాలి? కాల్పులు జరిగిన టైముకి బండి నేర్పే గ్రౌండు పక్కన కారులో పడుకుని నిద్రపోతున్నానని ఆయన మొత్తుకున్నాడు. దానికి సాక్ష్యం ఆ కారొక్కటే. ఏడేళ్ళు వేశారు.

పెదనాన్నకి మాత్రం అప్పట్నుంచి పండగే. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పాల్సిందే. మొదట్లో నలభై అడుగుల దూరంలో చూశాడు. ఆరు నెలలయ్యేసరికి అది ఇరవై అయింది. ఏడాది తిరిగేసరికి "మొహం ఇదిగో, ఇంత దగ్గర" అని అరచెయ్యి ముక్కు ముందు పెట్టి చూపించేవాడు. ఇంకొన్నాళ్ళు ఆగితే తుపాకిలో గుళ్ళు ఈయనే నింపి ఇచ్చేవాడని నాకు భయం వేసింది.

నేనొక లాయరమ్మ దగ్గర టైపిస్టుని. ఒకరోజు ఒకావిడ ఎర్ర కారు తాళం చేత్తో పట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది. మాస్టారి భార్య. ఇప్పుడు డ్రైవింగు ఆవిడే నేర్పుతోంది. అప్పీలు మా లాయరమ్మ చేతికి వచ్చింది.

"కేసంతా ఒక్క సాక్షి మీదే నిలబడింది. ఎవరో ఇస్త్రీ ఆయనట" అంది లాయరమ్మ ఫైలు తిరగేస్తూ.

"మేడమ్, ఆ ఇస్త్రీ ఆయన మా పెదనాన్నండీ."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "అబద్ధాలు చెబుతాడా?"

"లేదండీ. గొప్పలు చెబుతాడు."

"అదింకా కష్టం" అంది. ఈ ఫైలు గురించి ఇంట్లో నోరు మెదపొద్దని గట్టిగా చెప్పి మరీ సాక్ష్యం కాగితాలు నాకిచ్చింది, టైపు చెయ్యమని.

అందులో పెదనాన్న మాటలు ఆయన గొంతుతోనే వినిపించాయి. 'ముద్దాయిని ఆరేళ్ళుగా ఎరుగుదును. మొహం స్పష్టంగా చూశాను. ఒత్తుగా ఉంగరాల జుట్టు. ఆవపువ్వు రంగు చొక్కా. పరిగెడుతుంటే చొక్కా వీపు మీద నేను పెట్టిన మడత గీత చెక్కు చెదరకుండా కనిపించింది.' ఈ మడత గీత దగ్గర కింది కోర్టు జడ్జిగారు ముచ్చటపడిపోయారు. సాక్షి పరిశీలన మెచ్చుకోదగ్గదని తీర్పులో రాశారు.

నా చేతులు అక్కడే ఆగిపోయాయి. నేను చిన్నప్పటి నుంచి ఆ కొట్లో బట్టలు మడతలు పెట్టినదాన్ని. మాస్టారి చొక్కా వీపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పొద్దస్తమానం కారు సీటుకి ఆనుకునే మనిషి, పిండి పారేసినట్టు ఉంటుంది. పెదనాన్నే విసుక్కునేవాడు, "ఈయన వీపుకి ఇస్త్రీ దండగ" అని. ఆ రోజు మడత చెదరలేదంటే వేసుకున్నవాడు అప్పుడే వేసుకుని, ఎక్కడా కూర్చోకుండా వచ్చాడన్నమాట. అదలా ఉంచితే, వీపు చూస్తున్న మనిషికి మొహం ఎప్పుడు కనిపించింది?

పరుగున వెళ్ళి లాయరమ్మకి చెప్పాను. ఆవిడ కోటు తగిలించుకుంది. "పద, మీ పెదనాన్న కొట్టుకి. అడిగేది నేను, నువ్వు నోరు మూసుకుని నిలబడు."

పెదనాన్న ఆవిణ్ణి చూశాడు, అంటే ఆవిడ కోటుని చూశాడు. "ఈ కోటు ఎవరు ఇస్త్రీ చేశారమ్మా? ముందు వాళ్ళ మీద కేసు పెట్టండి."

తర్వాత పెడతానని, తనెవరో ఎందుకొచ్చిందో చెప్పి, లాయరమ్మ నేరుగా అడిగింది. "వీపు మీద మడత చూశానన్నారు. మరి మొహం ఎప్పుడు చూశారు?"

"వెనక్కి తిరిగాడుగా."

"ఎటు నుంచి తిరిగాడు? కుడివైపా, ఎడమవైపా?"

"ఎటో తిరిగుంటాడు."

"తిరిగుంటాడా, తిరిగాడా?"

పెదనాన్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. "అమ్మా, ఆ చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. నాలుగింటికల్లా వాళ్ళింటికి పంపేశాను. ఐదున్నరకి అది తొడుక్కుని తిరిగేది ఆయన కాక ఇంకెవరు?"

మూల కూర్చుని బట్టల మీద నీళ్ళు చిలకరిస్తున్న పెద్దమ్మ తలెత్తింది. "ఆవపువ్వు రంగు చొక్కానా? అది నేను మర్నాడు కదా ఇచ్చింది!"

అందరం ఆమె వైపు తిరిగాం. పెద్దమ్మ నాలుక కరుచుకుంది. కానీ అప్పటికే మాట జారిపోయింది.

"పాపం ఎవరో ఇంటర్వ్యూ ఉందన్నాడండీ. మంచి చొక్కా లేదన్నాడు. ఒక్క పూటేగా అని ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే తెచ్చిచ్చేశాడు. మళ్ళీ ఉతికి, మీరు లేనప్పుడు నేనే ఇస్త్రీ చేసి వాళ్ళింట్లో ఇచ్చొచ్చాను."

"ఎవడే వాడు?" అన్నాడు పెదనాన్న.

"పేరడగలేదు. బట్టతలాయన."

"బట్టతలా?"

"నున్నగా ఉంది. ఒక్క వెంట్రుక ఉంటే ఒట్టు."

కోర్టులో ప్రమాణం చేసి మా పెదనాన్న ఆ గుండు మీద ఒత్తుగా ఉంగరాల జుట్టు మొలిపించాడు. లాయరమ్మ నవ్వు ఆపుకోడానికి కొట్టు బోర్డు చదవడం మొదలుపెట్టింది.

"మూడేళ్ళుగా ఈ మాట ఎందుకు చెప్పలేదే?" అని పెదనాన్న ఒంటికాలి మీద లేచాడు.

పెద్దమ్మ అంతకంటే పైకి లేచింది. "నాకు చొక్కా సంగతి ఎవరు చెప్పారు? పొద్దున లేస్తే మొహం, మొహం, మొహం! చొక్కా చూసి గుర్తుపట్టానని ఒక్కనాడైనా అన్నారా మీరు?"

అనలేదు. చొక్కా చూశానంటే గొప్పేముంది?

అరువు వ్యవహారం పదేళ్ళుగా నడుస్తోందని కూడా అప్పుడే బయటపడింది. ఇంటర్వ్యూలకి, ఫొటోలకి, పిల్లల బళ్ళో మీటింగులకి మంచి బట్ట లేనివాళ్ళు పెద్దమ్మని అడుగుతారు. ఆమెకి కాదనడం రాదు. "ఈ వీధిలో సగం ఉద్యోగాలు నేనిచ్చిన చొక్కాల మీద వచ్చినవే" అంది, తప్పు చేసినట్టు కాదు, కొంచెం గర్వంగానే.

"ఇదంతా మీరిద్దరూ కోర్టులో చెబితే మాస్టారు బయటికొస్తాడు" అంది లాయరమ్మ. "మీ కొట్టు ఏమవుతుందో మాత్రం నేను చెప్పలేను."

చెప్పక్కర్లేదు. తన బట్ట ఇంకొకడు వేసుకుంటున్నాడని తెలిస్తే ఎవడు వేస్తాడు ఆ కొట్టుకి? పెదనాన్న రెండ్రోజులు ముద్ద దిగక కూర్చున్నాడు. మూడో రోజు మొండికేశాడు. బట్టతలవాడు వేసుకెళ్ళింది ఇంకో ఆవపువ్వు రంగు చొక్కా అయ్యుంటుంది, నా కళ్ళు నాకు అబద్ధం చెప్పవు అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పెద్దమ్మకి సైగ చేశాను. మందుల షాపాయన నీలం గళ్ళ చొక్కా ఇచ్చింది. అప్పటికే పదేళ్ళ అనుభవం కదా, అడ్డు చెప్పలేదు. అది తొడుక్కుని, జడ కాలరు లోపలికి దోపుకుని, సాయంత్రం ఐదున్నరకి బారు మెట్ల దగ్గర్నుంచి కొట్టుకి వీపు పెట్టి నడిచాను.

"ఏవండోయ్, మందుల షాపు గారూ! మీ ప్యాంట్లు తయారు!" అని వెనకనుంచి కేక.

నేను తిరిగాను. ఆయన నన్ను చూశాడు, ఈసారి మొహమే. చెయ్యెత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. నేను రోడ్డు దాటి వచ్చేసరికి బల్ల మీద తల పెట్టుకుని ఉన్నాడు. "మూడేళ్ళు" అన్నాడు. "ఆయన్ని మూడేళ్ళు కూర్చోబెట్టానే అమ్మాయ్." ఆయన ఏడవడం నేనదే మొదటిసారి చూడటం.

పై కోర్టు వాళ్ళిద్దరి మాటా వినడానికి ఒప్పుకుంది. ఇద్దరు జడ్జీలు. "మరి మొహం సంగతేమిటి?" అని అడిగారు పెద్ద జడ్జిగారు.

"మొహం తర్వాత వచ్చిందండి. చొక్కా మాత్రమే చూశాను. ఆ చొక్కాలో రోజూ ఉండే మొహం దానంతటదే వచ్చి కూర్చుంది. నేను కావాలని పెట్టలేదండి."

ప్రభుత్వ లాయరు లేచాడు. ఆయనా మా కొట్టు ఖాతాదారే. "అయితే మీ కొట్లో వేసిన బట్టలు ఊరందరూ వేసుకుంటారన్నమాట. నా బట్టలు కూడానా?"

"మీ సైజు ఎవరికీ సరిపోదు బాబూ" అంది పెద్దమ్మ తన వంతు రాకముందే.

పెద్ద జడ్జిగారు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు.

నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. చొక్కాని గుర్తుపట్టడం మనిషిని గుర్తుపట్టడం కాదన్నారు. మాస్టారిని విడుదల చేశారు. బట్టతలాయన్ని వెతకడం పోలీసుల తలనొప్పి అయింది. కోర్టులో మాటలు కొట్టు దాకా రావడానికి ఒక్క పూట పట్టింది. మందుల షాపాయన మొదట వచ్చి తన బట్టలు పట్టుకుపోయాడు. వారానికల్లా కొక్కేలన్నీ ఖాళీ. పెదనాన్న కథలు చెప్పడం మానేశాడు. వినడానికి మాత్రం ఎవరున్నారు?

ఆ తర్వాతి ఆదివారం నేను కొట్లో ఉండగా ఒకాయన వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. కొత్త టీషర్టు, అట్ట మడతలు ఇంకా పోలేదు. పెదనాన్నకి ప్రాణం లేచొచ్చింది. కాలరు చూశాడు, చేతుల అంచులు చూశాడు, ఇక ఆ తర్వాత మొహం కూడా చూశాడు. చూసి, నిండుగా నవ్వాడు.

"రండి బాబూ, రండి. ఈ వీధికి కొత్తగా వచ్చారా?"

నేను ఆయన్ని కోర్టులో చూశాను. పెద్దమ్మా గుర్తుపట్టి, చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆయన పెదనాన్ననే తేరిపార చూశాడు. తను జైల్లో ఉన్న రోజులన్నీ ఈ మనిషి తన మొహం ఎరుగుదునన్న మాట మీదే గడిచాయి మరి.

"డ్రైవింగు మాస్టార్నండీ" అన్నాడు చివరికి.

పెదనాన్న నవ్వు మొహం మీదే చచ్చిపోయింది. బల్ల చుట్టూ తిరిగి బయటికొచ్చి, రెండు చేతులూ జోడించాడు. మాస్టారు ఆ చేతులు విడదీయలేదు, ఫరవాలేదనీ అనలేదు. ఒకడుగు వెనక్కేసి ఎండలోకి జరిగాడు.

"ఇప్పుడు చూడండి" అన్నాడు. "తొందరేం లేదు."

పెదనాన్న కళ్ళు తుడుచుకుని చూడటం మొదలుపెట్టాడు.