గది ఉన్న పాటలు

మా మామగారు పాటల్ని కాజాల్లో కొలుస్తారు. "అది తొమ్మిది కాజాల ఆల్బమ్ బాబూ" అన్నారంటే, మొదటి పాట మొదలై చివరి పాట ఆగేలోపు ఆయన చేత్తో తొమ్మిది కాజాలు కుట్టారని అర్థం. కోటుకి గుండీ దూర్చే చిన్న చీలిక ఉంటుంది చూశారూ, దాని అంచు విడిపోకుండా చుట్టూ దగ్గర దగ్గరగా దారం వేయడమే ఆయన ఉద్యోగం. నలభై ఏళ్లుగా ఒకే దర్జీ కొట్టు, కిటికీ పక్కన ఒకే స్టూలు. వీధి మొత్తానికీ ఆయన కాజాల మామయ్య. అత్తారింట్లో తిష్ట వేసిన అల్లుణ్ణి కనక నాకు మాత్రం ఆయన మామయ్యగారు.

పనిచేస్తున్నంతసేపూ ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది. కుడి చెవి కొట్టు యజమాని పిలుపు కోసం ఖాళీగా ఉంచుతారు. కిటికీలోంచి వచ్చే ఎండ ఉదయం ఆయన మోకాలి మీద మొదలై, మధ్యాహ్నానికి చేతుల మీదికి, సాయంత్రానికి గోడ మీదికి పాకుతుంది. ఆ వెలుగులో సూది పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, కిందికి దిగుతుంది. నెమ్మది పాటయితే కుట్టు చిక్కబడుతుంది. పూర్తయిన కోటు చూసి, అది కుట్టేటప్పుడు ఏ ఆల్బమ్ విన్నారో చెప్పగలరు. నేను చాలాసార్లు పరీక్షపెట్టి ఓడిపోయాను.

విన్న ప్రతి ఆల్బమ్ గురించీ రాసుకుంటారు. దానికి వేరే నోటుబుక్కు కొనడం దండగని, కొట్లో మిగిలిన పాత కొలతల పుస్తకంలో రాస్తారు. ఛాతీ అని అచ్చువేసిన గడిలో గొంతు గురించి, నడుము గడిలో తాళం గురించి, పొడవు గడిలో కాజాల లెక్క. నేను దొంగచాటుగా ఎన్నోసార్లు చదివాను. ఒక పాత పియానో ఆల్బమ్ గురించి: "వేళ్లు ముసలివి, తొందర లేదు. రెండో దాంట్లో కుర్చీ కిర్రుమంది. గది ఉంది." పోయినేడు వచ్చిన కుర్రకారు ఆల్బమ్ గురించి: "ఆరో పాట దగ్గర దారం చేతిలోనే ఉండిపోయింది. ఒక కాజా తక్కువ. గది లేదు, కానీ ఆకాశం ఉంది." ఇంకోటి: "అందరూ గొప్పదంటారు. నాకు నిద్రొచ్చింది. తప్పు నాదే కావచ్చు, రేపు మళ్లీ వింటాను."

ఈ గది గొడవేమిటని ఒకసారి అడిగాను.

"పాడిన చోటు వినపడాలి బాబూ. గోడ ఎంత దూరంలో ఉంది, పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరైనా ఊపిరి బిగబట్టారా, అన్నీ తెలియాలి. లేకపోతే పాట ఎక్కడ కూర్చుంటుంది?"

నాకు బోధపడలేదు. పడినట్టు తల ఊపాను.

ఆయన గదిలో ఒక క్యాసెట్ ఉండేది. దాని మీద ఆయన చేతిరాతతో "అమ్మ ఆల్బమ్" అని రాసి ఉండేది. ఎనిమిది పాటలు, ఒక ఆడగొంతు, ఒక పియానో. ఆదివారం మధ్యాహ్నాలు తలుపు చేరవేసుకుని పాత టేప్‌రికార్డర్‌లో వినేవారు. బయటికి నాకు అరకొరగా వినిపించేది ఒకటే, అరిగిపోయిన టేపు రొద. వాళ్లమ్మగారికి ఇష్టమైన పాటలు కాబోలు అనుకున్నాను. అల్లుడిగా మార్కులు కొట్టేయడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదని కూడా అనుకున్నాను.

ఆయన అరవయ్యో పుట్టినరోజు ముందు, చెప్పకుండా క్యాసెట్ తీసుకెళ్లి పాత టేపుల్ని ఫోన్‌లోకి ఎక్కించేవాడికి ఇచ్చాను.

"వెనకాల టకటకమని ఏదో గోల ఉందండీ" అన్నాడతను. "మధ్యలో ఎవరో మాట్లాడారు కూడా. తీసేయమంటారా?"

"మొత్తం తీసేయండి. అద్దంలా ఉండాలి."

"టేపు నలిగిపోయింది. మీకు కావాలా?"

"దాంతో ఇంకేం పని? పారేయండి" అన్నాను, మహా దర్జాగా.

పుట్టినరోజున ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో నేనే పెట్టాను. ఎనిమిది పాటలూ కదలకుండా విన్నారు. తర్వాత నా భుజం తట్టి, "బావుంది బాబూ. చాలా శుభ్రంగా ఉంది" అన్నారు. క్యాసెట్ ఏదని అడిగారు. చెప్పాను. సరేనన్నారు.

మర్నాటి నుంచి ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ లేదు. కుట్టు వదులైందని కొట్టు యజమాని నాకు కబురు పెట్టాడు. మూడో రోజు ఉండబట్టలేక కొలతల పుస్తకం తెరిచాను. "అమ్మ ఆల్బమ్, కొత్త కాపీ. ఛాతీ బావుంది. నడుము బావుంది. గది లేదు. అమ్మ లేదు."

పుస్తకం పట్టుకెళ్లి మా ఆవిడకి చూపించాను.

"గోల తీసేయమన్నారా? మీకు బుర్రుందా అసలు? ఆ గోలే మా నాన్నమ్మ!"

అప్పుడు చెప్పింది. నాన్నమ్మ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని దిండుగలీబులు కుట్టేది. మామగారికి పదహారేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం రేడియోలో ఆ ఆల్బమ్ మొత్తం వేస్తామన్నారు. ఆయన టేప్‌రికార్డర్ తెచ్చి రేడియో ముందు పెట్టారు. కాసేపు మిషను ఆపమని బతిమాలితే, సాయంత్రానికి గలీబులు ఇచ్చేయాలి, కుదరదందిట నాన్నమ్మ. అందుకని టేపు నిండా మిషను చప్పుడే. మూడో పాట అయ్యాక అది ఆగుతుంది.

"'ఒరేయ్, కాస్త సూదిలో దారం ఎక్కించరా, కళ్లు ఆనట్లేదు' అంటుంది నాన్నమ్మ. నాన్నేమో 'ష్' అంటారు. అంతే. నాలుగో పాట మొత్తం మిషను మోగదు. తనే దారం ఎక్కించుకోవడానికి తంటాలు పడుతూ ఉంటుంది. ఐదో పాటలో మళ్లీ మొదలవుతుంది." అంది మా ఆవిడ. "నాన్నమ్మ గొంతు ఇంకెక్కడా లేదండీ. ఆవిడకి నాన్న చెప్పిన జవాబు ఆ 'ష్' ఒక్కటే ఉంది."

టేపులు ఎక్కించేవాడి దగ్గరికి పరుగున వెళ్లాను. చెత్త ఎప్పుడో ఎత్తుకుపోయారు. గోల తీయకముందు కాపీ ఉంచుకోలేదన్నాడు. అతని తప్పేముంది, అద్దంలా ఉండాలన్నది నేను. నేరుగా కొట్టుకెళ్లి ఆయన ముందు నిలబడ్డాను.

"మామయ్యగారూ, నన్ను తిట్టండి."

"తిడితే మిషను మోగుతుందా బాబూ?" అని నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆయన మామూలుగా అన్న ఆ మాట ఇంటికొచ్చి చెబితే, మా ఆవిడ దాన్ని వదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం పరుపుల వెనక నుంచి నాన్నమ్మ మిషను బయటికి లాగించింది. నేను నూనె పోసి, బెల్టు మార్చి, చక్రం తిప్పాను. ఆవిడ ఆ క్యాసెట్ వింటూ పెరిగిన పిల్ల. ఎక్కడ చప్పుడు జోరందుకుంటుందో, ఎక్కడ గలీబు మూల తిప్పడానికి ఆగుతుందో తన కాళ్లకు తెలుసు. మామగారు కుర్చీలో కూర్చుని ఒక కోటు ఒళ్లో వేసుకున్నారు, మాకేసి చూడకుండా. నేను ఫోన్‌లో శుభ్రమైన పాట పెట్టాను.

మొదటి పాటతో పాటు మిషను కదిలింది. తలుపు సందులోంచి వచ్చిన ఎండలో దారపు నూగు తేలుతోంది. ఆ గది ఎప్పటిదో, మేమెవరి ఇంట్లో ఉన్నామో నాకు కాసేపు తెలియలేదు. రెండో పాట. మూడో పాట. మామగారి సూది సగం కాజాలో ఆగిపోయింది.

మూడో పాట అయిపోయింది. మా ఆవిడ కాళ్లు ఆపి, సూదిలోంచి దారం లాగేసింది. నాన్నమ్మ మాట తను అనలేదు. ఊరికే తలొంచుకు కూర్చుంది.

మామగారు కోటు పక్కన పెట్టి లేచారు. దారం కొస పెదవి మీద తడిపి, ఒక్క తడవలో సూదిలోకి ఎక్కించారు. నలభై నాలుగేళ్ల ఆలస్యానికి ఆ చెయ్యి కొంచెం కూడా వణకలేదు. తర్వాత మిషను చక్రం మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డారు.

"తొక్కమ్మా" అన్నారు.

కూతుర్ని అన్నారో, ఎవర్ని అన్నారో నేను అడగలేదు.

సోమవారం మళ్లీ ఇయర్‌ఫోన్ పెట్టుకుని కొట్టుకెళ్లారు. ఆయన అటు వెళ్లగానే నేను కొలతల పుస్తకం తెరిచాను. నిన్నటి తేదీ వేసి ఉంది. గడులన్నీ ఖాళీ. కింద ఒక్క వాక్యం మాత్రం ఉంది: "నాలుగో పాటలోనూ మిషను మోగింది."