గోపమ్మ మెడలో నల్ల కంటె

గోపమ్మ వడికిన ఉన్నితో నేసిన గొంగడి కప్పుకుంటే ఎంత వానైనా ఒంటి దాకా దిగదని మా చుట్టుపక్కల పేరుండేది. అమ్రాబాద్ గుట్టల దిగువన ఉంటుంది మా పల్లె. మాది వ్యవసాయం. మా గోడను ఆనుకొని ఉన్న ఇల్లు గొర్ల కాపరి గుర్వయ్యది. గోపమ్మ అతని భార్య. ఆమె కదురు తిప్పుతుంటే చూడ్డం నాకు సరదా. పొయ్యి మీద కూర పెట్టి కూడా వెళ్ళి కూర్చునేదాన్ని.

"కిష్టక్కా, నీ కూర మాడుతాంది, వాసనొస్తలేదా?" అనేది.

"మాడనీ. మా ఇంటాయనకు మాడిన కూరే అలవాటు."

"గందుకేనా గట్ల నల్లగైండు!"

అని పకపకా నవ్వేది. నవ్వినా చేతిలో దారం తెగేది కాదు. ఆ మనిషి గురించి రాయాలంటే ముందు ఆ నవ్వే గుర్తొస్తుంది. తరువాతది రాయాలంటే చెయ్యి రాదు. అయినా రాయాలి. అట్లా పోయిన ఆడవాళ్ళను దయ్యం పట్టి పోయారనే ఇప్పటికీ చెప్పుకుంటున్నారు మరి.

అరవై అయిదులో వానలు మొహం చాటేశాయి. కంది పూతలోనే మాడింది. గడ్డిపోచ లేక గుర్వయ్య దసరాకు ముందే మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయాడు. ఇంట్లో మిగిలింది అతని తల్లి రామమ్మ, గోపమ్మ, మూడేళ్ళ ఆడపిల్ల. మందతోపాటే పాలూ పోయాయి, చల్లా పోయింది. పప్పు చూసి ఎన్నాళ్ళయిందో. కూలికి పోతే జొన్నలు కొలిచేవాళ్ళు. రెండు పూటలా జొన్నరవ్వ ఉడికించిన గటుక, చింతచారు, లేదంటే కారం. ముందు పిల్ల తినేది, తరువాత పెద్దదని రామమ్మ, అందరి తరువాత గోపమ్మ కుండ అడుగు గీకి తినేది. పిల్లకు ఇంకా తల్లిపాలు మాన్పించలేదు. మాన్పిస్తే దానికి ఏం పెట్టాలి? కోడలు అడుగు గీకి తినడం మా దిక్కు వింత కాదు. ఏ ఇంట్లో చూసినా అంతే. ఎవరి కంటికీ ఆనదు.

హోళీ దాటాక గోపమ్మ మెడ చుట్టూ నల్లటి పట్టీ ఒకటి వచ్చింది. ఎవరో బొగ్గుతో గీసినట్టు, సరిగ్గా కంటె వేసుకునే చోటే.

"మెడ కడుక్కోవే పిల్లా, గంత మట్టి ఎట్ల పట్టింది?" అంది అత్త.

గోపమ్మ ఇటుకపెంకుతో రుద్దింది. మట్టి అయితే పోయేది, తోలు లేచింది. నేను చూసి అడిగితే, "మీ తమ్ముడు వెండి కంటె చేపిస్తనని పెండ్లయిన కాడి నుంచి చెప్పవట్టె. ఆయినతోటి కాదని దేవుడే ఏసిండక్కా," అంది. అది ఆమె వేసిన చివరి హాస్యం అని నాకు ఆనాడు తెలియదు.

ఆ నలుపు చేతులకు, పాదాలకు పాకింది. ఎండ తగిలిన చోటల్లా తోలు మందమై, ఎండిన మడిలాగా పగిలింది. పచ్చిపుండుకు ఉన్ని అంటుకొని లాగుతుంటే కదురు పక్కన పెట్టేసింది. విరేచనాలు మొదలయ్యాయి, ఆగవు. తరువాత మతి పట్టు తప్పింది. పట్టపగలు ఖాళీ వీధిలో నిలబడి గొర్రెలను అదిలించేది. పిల్ల ఏడుస్తుంటే ఎవరి పిల్ల అన్నట్టు చూసేది. ఒకరోజు నన్ను చూసి భయపడి గోడకు కరుచుకుపోయింది.

రామమ్మ మొదట గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఆ తరువాత ఒక ఉదయం గోపమ్మ కనబడలేదు. "తల్లిగారింటికి పంపిన," అంది రామమ్మ. మతి లేని మనిషిని ఎవరు తీసుకుపోయారు, ఏ బండిలో? నాకు ఇట్లాంటివి తేలకపోతే అన్నం సయించదు. పైగా ఊరి బయట గొర్ల దొడ్డికి రామమ్మ రోజూ ఒక ముంత తీసుకుపోతోంది.

"రామక్కా, దొడ్డి ఖాళీగుండె గద, గా ముంత ఎవరికి?"

"కుక్కకు."

"మీ కుక్క మంద ఎనుక పోలేదా?"

కొంగు సర్దుకొని, మాట వినబడనట్టే వెళ్ళిపోయింది.

ఆ మరునాడే ఊళ్ళో చాటింపు వేశారు. పట్నం నుంచి డాక్టర్లు వస్తున్నారు, ఏ ఇంట్లో ఏం తింటారో తూకం వేస్తారు, ఒళ్ళు కూడా చూస్తారు అని. తిండి మాట ఎవరూ నమ్మలేదు. ఒకరి గటుక తూచి సర్కారుకేం లాభం? పెద్దరోగం, అంటే కుష్ఠు, ఉన్నవాళ్ళను ఏరి జీపులో ఎత్తుకుపోవడానికే వస్తున్నారని ఊరంతా ఒకటే మాట. మరునాడు చీట్లు తీసి కొన్ని ఇండ్లు ఎంచారు. మా ఇల్లూ వచ్చింది, రామమ్మ ఇల్లూ వచ్చింది.

ఆ సాయంత్రం రామమ్మ చంకలో గొంగడి పెట్టుకొని కాపు బాలయ్య ఇంటికి పోవడం చూశాను. గోపమ్మ వడికిన ఆఖరు గొంగడి అది. తిరిగి వచ్చేటప్పుడు కొంగులో బియ్యం, చేతిలో కోడి.

"ఏంది రామక్కా, పండుగనా?"

"పట్నపోళ్ళు కుండల తొంగి చూస్తరంట కిష్టమ్మా. గటుక చూపిచ్చి నా కొడుకు ఇజ్జత్ తీసుకోమంటవా?"

తెల్లవారి తక్కెడ పట్టుకొని వచ్చింది జానమ్మ. నల్గొండ దిక్కు మనిషి, డాక్టరు దగ్గర పని. నేను పిలవకున్నా వెంట పోయాను. రామమ్మ పీట వేసి, తెల్లటి అన్నం గిన్నె, కోడికూర ముందు పెట్టింది.

"రోజు గిదే తింటరా అవ్వా?"

"గిదే."

"ఎంతమంది తింటరు?"

"ఇద్దరం. నేను, నా మనుమరాలు. కొడుకు మంద ఎనుక పోయిండు. కోడలు తల్లిగారింట్ల ఉంది."

అప్పుడు పిల్ల గిన్నెలోకి వంగి చూసి, "అవ్వా, గీ తెల్లదేంది?" అంది.

జానమ్మ ఒక్క క్షణం రామమ్మ మొహం చూసింది. రామమ్మ చూపు దించలేదు. ఎదురుగా పెట్టిన అన్నాన్నే జానమ్మ తూచి రాసుకుంది. ఆమె మాత్రం ఏం చేస్తుంది, ఇంటామె పెట్టిందే కదా తూచాలి.

మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. డాక్టరు పేరు రఘుపతి. అందరి మెడలూ, ముంజేతులూ తిప్పి చూశాడు. జానమ్మ నన్ను ఎంతవరకు చదివావని అడిగింది.

"నాలుగో తరగతి. గటుకకూ చదువుకూ ఏం సంబంధం చెల్లె?"

"అన్ని ఊర్లల్ల గిట్లనే అడుగుతున్నమక్కా. తల్లి చదివిన ఇంట్ల పిల్లలకు ఏం పెడుతున్నరు, చదవని ఇంట్ల ఏం పెడుతున్నరు, ఎవలు జబ్బున పడుతున్నరు, అన్ని చూస్తరు."

"మరి మెడలు ఎందుకు చూస్తున్నరు సారూ?"

నా ఆరాటం చూసి డాక్టరుకు నవ్వొచ్చినట్టుంది. కూర్చొని ఓపిగ్గా చెప్పాడు. "వరి తినే ఊళ్ళలో కూడా తిరిగామమ్మా. అక్కడా కరువుంది, బక్కచిక్కినవాళ్ళున్నారు. కానీ ఒక జబ్బు జొన్న తినే ఊళ్ళలోనే మాకు ఎక్కువగా కనిపిస్తోంది. మెడ చుట్టూ నల్లగా పట్టీలాగా వస్తుంది, చేతులు పగులుతాయి, విరేచనాలు పడతాయి. జొన్న చెడ్డదని కాదు. దాంతో పాటు పాలో, పప్పో, పల్లీలో, ఇంత మాంసమో పడాలి. ఏదీ లేకుండా ఉత్త జొన్నే అయితే ఇట్లా వస్తుంది."

నేను దగ్గరికి జరిగాను. "మతి సుత తప్పుతదా?"

"ముదిరితే తప్పుతుంది."

"పెద్దరోగం కాదా? ముట్టుకుంటే అంటదా?"

"కాదు, అంటదు. మాత్రలు వేసి తిండి సరిచేస్తే కొన్నాళ్ళలో తేరుకుంటారు. ఎందుకమ్మా, ఎవరికైనా ఉందా?"

"ఉండండి సారూ, ఎక్కడికీ పోకండి," అని లేచాను.

రామమ్మ అప్పుడే పిల్లకు అన్నం తినిపిస్తోంది. నేను ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పాను. మొదట గయ్యిమని లేచింది. "నీ నోటికి మొక్కుత, మెల్లగ మాట్లాడు! పెద్దరోగమని తెలిస్తే మమ్ముల బాయి కాడికి రానిస్తరా? ఆ చేతులతోటి వడికిన గొంగడి ఎవడన్న కొంటడా?"

"పెద్దరోగం కాదంటున్న గద. డాక్టరే చెప్పిండు. తిండి లేక వచ్చింది."

"తిండి లేకనా? నేను పెట్టలేదా?"

"పెట్టినవు. ఆమె దాకా ఏం మిగిలె?"

రామమ్మ మళ్ళీ పిల్ల పక్కన కూర్చుంది. చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

"ముట్టుకుంటే అంటదా?"

"అంటదు రామక్కా."

"దొడ్ల పెట్టినప్పటి సంది ముట్టుకోలే కిష్టమ్మా. ముంత కంపకాడ పెట్టి, కేకేసి వస్తున్న."

ఇద్దరం ఎండలో పడి ఉరికాం. దొడ్డికి అడ్డం పెట్టిన ముండ్లకంప పక్కకు లాగేసి ఉంది. లోపల గటుక ముంత నిండుగా, మీద ఈగలు ముసిరి. గోపమ్మ లేదు.

మేము చెప్పగానే డాక్టరు జీపు తీశాడు. మంద వెంటే పోయి ఉంటుందని, మంద పోయిన బాట ఎటో రామమ్మ చూపించింది. ఆ బాటకు రెండు పక్కలా రేగుకంపలు. మంద పోయేటప్పుడు గొర్రెల ఉన్ని ముండ్లకు చిక్కి ఉంటుంది ఎప్పుడూ. ఆ రోజు ఏ కంపకూ లేదు. కొంతదూరం పోయాక రామమ్మకే అర్థమైంది. "ఏరుకుంట పోయిందయ్యా. కంపకు ఉన్ని లేని దిక్కే పో," అంది.

ఎండిన వాగులో తుమ్మచెట్టు కింద కనబడింది. పొద్దు వాలుతోంది. ఒంటి మీద చెయ్యి పెడితే పెనంలాగా ఉంది. కొంగు మూటగట్టి ఉంది, మూటనిండా ఉన్ని, ఉన్నికి నెత్తురు. రామమ్మ ఆ పగిలిన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. గోపమ్మ కళ్ళు తెరిచింది. ఎన్నాళ్ళ తరువాతో మనిషిని గుర్తుపట్టింది.

"అత్తా, గింత ఉన్ని ముండ్లపాలు చేసిండ్రు. ఏరుకొస్తున్న. కోపం చెయ్యకు."

డాక్టరు సూది వేశాడు, తడిగుడ్డలు కప్పాడు. జీపులో రామమ్మ ఒడిలో తల పెట్టుకొని పడుకుంది. దవాఖాన చేరలేదు. దారిలోనే పోయింది.

"ఎండ ఒక్కటే అయితే తట్టుకునేదేమో. తట్టుకోవడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదు," అన్నాడు డాక్టరు.

మరునాడు పొద్దున్నే మట్టి చేశారు. గుర్వయ్యకు కబురు పంపుదామంటే ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? బాలయ్య ఎవరూ అడగకుండానే ఆ గొంగడి తెచ్చి ఆమె మీద కప్పి వెళ్ళిపోయాడు. నెల దాటాక గుర్వయ్య సగం మందతో వచ్చాడు. అది చెప్పలేను.

చావు ఇంట్లో పొయ్యి రాజెయ్యకూడదంటారు. ఆ పొద్దున మట్టి చేసి వచ్చిన రామమ్మ తలకు పోసుకొని, పొయ్యి రాజేసింది. చుట్టాలు వద్దన్నా వినలేదు. కాసేపటికి కుండ నెత్తిన పెట్టుకొని, పిల్లను చంకన వేసుకొని బయలుదేరింది. నేను వెంట నడిచాను. జీపు దగ్గర సామాను సర్దుతున్న జానమ్మ ముందు కుండ దించింది. గటుక. పక్కన ఇంత కారం.

"నిన్నటిది అబద్ధం బిడ్డా. గిది తూకమెయ్యి."

మెడలో పూసలపేరు పక్కకు జరిపింది. దాని కింద, సన్నగా, అప్పుడప్పుడే మొదలైన నలుపు. డాక్టరు వంగి చూసి మాత్రలు తీశాడు. "ముందు పిల్లను చూడయ్యా," అంది రామమ్మ.

జానమ్మ కుండను తక్కెడలో పెట్టింది. కలం తీసి, అడగాలో వద్దో అన్నట్టు ఆగి, పని కాబట్టి అడిగింది.

"ఎంతమంది తింటరు అవ్వా?"

"ముగ్గురం."

జానమ్మ తలెత్తింది.

"ముగ్గురమనే రాయి బిడ్డా," అంది రామమ్మ. "అందరి ఎనుక, అడుగు గీకి తినేటిది ఒకామె ఉండె."