బూట్లు తొడిగిన పటం

మా పంతులుగారు పోయినారు. సోమవారం బడిగంట కొట్టకముందే ఆయన తమ్ముడు వచ్చి, "అన్న పోయినాడమ్మా" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

పుల్లలచెరువు దగ్గర మా పల్లె మిషను బడిలో ఆయన దగ్గర నాలుగేండ్లు చదువుకున్నాను. బల్ల మీద పొడుం డబ్బా, జేబులో అరిగిన సుద్దముక్కలు. తప్పు చేస్తే కొట్టేవారు కాదు. "నేను చెప్పింది కాదు, నువ్వు చూసింది రాయి" అనేవారు. బొమ్మలు వేయడంలోనూ ఆయన పట్టు అదే.

ఈ పల్లెలకు మొట్టమొదట ఏసు వాక్యం చెప్పిన బోధకుడు మా మాదిగపల్లె మనిషే. ఆయనకు ఫోటో లేదు. గుడికి పటం కావాలని సంఘ పెద్దలు అడిగితే పంతులుగారు ఏడాది పాటు ఊరూరూ తిరిగినారు. దొనకొండ దాకా పోయి ముసలమ్మల పక్కన కూర్చున్నారు. "అవ్వా, ఆయన ముక్కు ఎట్లుండె? నవ్వితే పండ్లు కనపడేవా?" అని అడిగినారు. చివరికి భుజాన గొంగళి, చేతిలో కర్ర, పగిలిన మడమలతో ఆ మనిషి బట్ట మీద లేచి నిలబడినాడు. మా అవ్వ చూసి, "మామా, వచ్చినావా" అని పటాన్ని పలకరించింది.

పెద్దలకు నచ్చలేదు. "తెల్లదొరలొచ్చే గుడి. ఈ వట్టి కాళ్లేంది? కోటు వెయ్యి, బూట్లు వెయ్యి" అన్నారు.

"ఊరందరికీ చెప్పులు కుట్టిన మనిషి. తాను తొడుక్కొని వీధిలోకొస్తే కొట్టినారు. ఆ కాళ్లతోనే నల్లమల అంచు దాకా నడిచినాడు. వాటిని నేను కప్పను" అన్నారు పంతులుగారు.

పెద్దలు కర్నూలు నుంచి ఇంకొక బొమ్మలాయన్ను పిలిపించి, కోటుతో బూట్లతో కప్పించినారు. ఆదివారం గుడిలో తెర తీయగానే పంతులుగారు లేచి, "ఈయనెవరు?" అని అడిగినారు. అప్పటికి నేనూ అదే బడిలో పంతులమ్మను. ఉద్యోగం పోతుందని తల వంచుకున్నాను.

ఆ నెలలోనే ఆయన్ను బడి నుంచి తీసేసినారు. ముసలితనంలో చేలల్లో కూలికి పోయినారు. దారిలో కనబడితే, "ఏమ్మా, పిల్లలు బాగున్నారా?" అని నవ్వేవారే గానీ ఒక్కనాడూ నన్ను నిలదీయలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న అదే పెద్దలు దండలతో వచ్చి, మహా కళాకారుడని పొగిడినారు. శవపెట్టె ముందర మోసుకుపోదామని ఆ పటాన్నే గుడిలోంచి దించి తెచ్చినారు.

ఆయన భార్య గడపలోకి వచ్చి, రెండు చేతులూ అడ్డం పెట్టింది. "ఈ కోటాయన ఎవురో మేమెరగం. తీసకపోండి."

"అమ్మా, ఇట్లాంటప్పుడు..." అని ఒక పెద్దాయన గొణిగినాడు.

నేను పోయి ఆమె పక్కన నిలబడినాను. "తీసకపోండి" అని నేనూ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

లోపలికి రాలేరు, వెనక్కి పోను మొగం చెల్లదు. మిట్టమధ్యాహ్నం. ఇద్దరు పెద్దలు చెరొక పక్కా పట్టుకొని, దాన్ని ఎక్కడ దించాలో తెలియక, ఎండలో అట్లనే నిలబడినారు.